బళ్లారి పురపాలన చరిత్ర – మూడవ ప్రకరణము: రాష్ట్రము మారెను, చట్టము నిలిచెను

1953 అక్టోబరు 1వ తేదీన, కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రము అవతరించిన దినముననే, బళ్లారి పట్టణము మదరాసు రాష్ట్రమునుండి విడివడి మైసూరు రాష్ట్రమున చేరెను. ఒక్క రాత్రిలో పాత బళ్లారి జిల్లా మూడు పాయలయ్యెను. ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలోనికిని, రాయదుర్గము అనంతపురము జిల్లాలోనికిని పోగా, బళ్లారి, హొసపేట, సిరుగుప్ప, సండూరు, కూడ్లిగి, హడగలి, హరపనహళ్లి తాలూకాలు మైసూరునకు చెందెను. కలెక్టరు కచ్చేరీనుండి కాగితములు పోవు రాజధాని మారెను. అప్పీళ్లు పోవు హైకోర్టు మారెను. తరతరములుగా మదరాసు వైపు చూచుటకు అలవాటుపడిన వకీళ్లును, వర్తకులును, గుమాస్తాలును ఇక బెంగుళూరు వైపు తిరుగవలసి వచ్చెను. ఇంత మారినను, వీథి దీపమునకును, మురుగు కాలువకును, ఇంటి పన్నునకును ఆధారమైన చట్టము మాత్రము మారలేదు. మదరాసు శాసనసభ 1920లో చేసిన జిల్లా పురపాలక సంఘముల చట్టమే, మైసూరు ప్రభుత్వము క్రింద కూడ, పదేండ్లకు పైగా ఈ పట్టణమును పాలించెను.

రాజ్యములు భూమిని పంచుకొనుట సులభమని, ఊరి సంసారమును పంచుకొనుట సులభము కాదని బళ్లారి చరిత్ర చెప్పుచున్నది. గత రెండు ప్రకరణములలో హండె నాయకుల కోటను, హైదరు అలీ కాలమున కట్టిన దిగువకోట ప్రాకారములను, ఆ కోటకంటె ఎత్తైన కుంబార గుడ్డను విస్మరించినాడని అందుకు ఉరితీయబడిన ఫ్రెంచి ఇంజనీరు కథను చదువరులు చూచియున్నారు. ఈ ప్రకరణమున కోట దిగి పేటలలోనికి వత్తము.

1792లో శ్రీరంగపట్టణపు సంధివలన టిప్పుసుల్తాను చేతినుండి నిజాము చేతికిని, 1800లో నిజాము చేతినుండి ఈస్టిండియా కంపెనీ చేతికిని ఈ సీమ మారెను. దత్తమండలములని మనము పిలుచుకొను ఈ విశాల ప్రదేశమునకు తొలి ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ఏడేండ్లు ఊరూర డేరాలు వేసికొని తిరిగి, పొలములు కొలిపించి, రైతువారీ పద్ధతికి రూపము దిద్దెను. అతడు వెడలిన తరువాత, 1808లో, దత్తమండలములు బళ్లారి, కడప అను రెండు జిల్లాలయ్యెను. అప్పటి బళ్లారి జిల్లాలో నేటి అనంతపురము ప్రాంతమంతయు కలసియుండెను. అది వేరు జిల్లా యగుట 1882 నాటి మాట. కనుక మన పూర్వులకు బళ్లారి యనగా సరిహద్దు పట్టణము కాదు. గుత్తినుండి హంపివరకు వ్యాపించిన మహామండలమునకు నడిబొడ్డు.

ఆనాటి బళ్లారి భాషాస్వరూపమును గూర్చి మనకొక అమూల్యమైన సాక్ష్యము దొరకినది. తెలుగు వ్యాకరణము రచించి ప్రసిద్ధుడైన ఏ. డి. క్యాంబెల్, బళ్లారి కలెక్టరుగా నుండి, 1823లో జిల్లా పాఠశాలలనుగూర్చి మదరాసు ప్రభుత్వమునకు నివేదిక పంపెను. అందు 533 బడులు, 6,641 మంది విద్యార్థులు లెక్కకు వచ్చిరి. బడులలో 235 కన్నడమువి, 226 తెలుగువి, 23 మరాఠీవి, 21 పారసీకమువి, 4 తమిళమువి, ఒకటి ఆంగ్లమునకు చెందినది. మిగిలిన 23 బ్రాహ్మణులు మాత్రమే చదువుకొను విద్యాస్థానములు. కన్నడ, తెలుగు బడుల నడుమ వ్యత్యాసము తొమ్మిది మాత్రమే! నూట ముప్పదియేండ్ల తరువాత ఈ ఊరు ఎవరిదని ఉభయపక్షముల పెద్దలు ఎంత తీవ్రముగా వాదించిరో ఎరిగినవాడు ఈ అంకెలముందు ఒకింతసేపు నిలువకపోడు. క్యాంబెల్ అంతటితో ఊరకుండలేదు. నేత పనివారు విలాయతి వస్త్రముల పోటీకి తట్టుకొనలేక పడిపోవుచున్నారని, సైన్యములు దూరపు సరిహద్దులకు తరలిపోవుటచే ఇచటి ధాన్యమునకు గిరాకి తగ్గినదని, దేశము క్రమక్రమముగా బీదపడుటచేతనే తల్లిదండ్రులు బిడ్డలను బడికి పంపలేకున్నారని తన పై అధికారులకే ఎత్తిచూపెను. కంపెనీ కొలువులో ఉండి అట్టి మాట వ్రాయుట సామాన్యమైన ధైర్యము కాదు.

బళ్లారి పట్టణము కోటచుట్టు పెరిగినను, దానికి నేటి ఆకారమునిచ్చినది సైన్యమే. కొండక్రింద దిగువకోట, దాని ఆవల దండు, దండును ఆనుకొని కౌలుబజారు, మరియొక దిక్కున దొరల పేర్లు ధరించిన బ్రూసుపేట, మెల్లరుపేట – ఇవి యన్నియు పంతొమ్మిదవ శతాబ్దమున అల్లుకొన్నవి. దండు ప్రాంతమున అధికారము సైన్యముది; పేటలలో సివిలు అధికారులది. గాలియు, దోమయు, కలరాయు ఈ హద్దును లెక్కించునవి కావు గదా! 1857 తరువాత హిందూదేశమున ఆంగ్లసైనికులు యుద్ధములకంటె రోగములచేతనే ఎక్కువగా మరణించుచున్నారని రాయల్ విచారణసంఘము తేల్చినప్పటినుండి, దండులచుట్టునున్న నేటివు పట్టణములను శుభ్రముగా నుంచుట దొరలకు తప్పనిసరియయ్యెను. మదరాసు ప్రెసిడెన్సీలోని జిల్లా పట్టణములలో పురపాలక సంఘములు ఏర్పడుటకు ప్రజల కోరికకంటె ఈ భయమే ఎక్కువ కారణమని నా అభిప్రాయము.

1865 నాటి పదవ చట్టముక్రింద, ఆ దశాబ్దము ముగియకముందే, బళ్లారికి పురపాలక సంఘము లభించెను. లభించెనని వ్రాసితిని గాని, తొలినాళ్లలో అది పట్టణముపై మోపబడెననుటయే సరి. సభ్యులను ప్రభుత్వము నియమించెడిది. కలెక్టరు మొదలగు అధికారులే ముందుండి నడపెడివారు. పుర ప్రజలు కట్టిన పన్నులలోనుండి పోలీసు బలగపు ఖర్చులో పెద్ద భాగమును కూడ చెల్లింపవలసియుండెను. ఊరి రోడ్లు బాగుచేయుటకు పుట్టిన సంఘము ఊరి జవానుల జీతములు మోయుటతోనే అలసిపోవుట సహజము. 1871 చట్టము ఆ భారమును తగ్గించి, దాని స్థానమున విద్యను, వైద్యమును, మసూచి టీకాలను చేర్చెను. 1882 మే 18న రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనమును గూర్చి వెలువరించిన తీర్మానము దేశమంతట ఆశలు రేపెను. దాని ఫలితముగా వచ్చిన 1884 చట్టముచే సభ్యులలో నాలుగింట మూడు వంతుల వరకు పన్ను చెల్లించువారు ఎన్నుకొనుటకు వీలు కలిగెను. మదరాసు నగరమునకు 1688లోనే రాజపత్రముచే కార్పొరేషను లభించియుండగా, ఆ ప్రెసిడెన్సీలోని జిల్లా పట్టణములు తమ పెద్దలను తాము ఎన్నుకొనుటకు ఇంచుమించు రెండువందల యేండ్లు వేచియుండవలసివచ్చెను.

ఈ నడుమనే మహాక్షామము వచ్చినది. 1876 మొదలుకొని 1878 వరకు దక్కను దేశమును దహించిన ఆ కరవులో అత్యంత ఘోరముగా దెబ్బతిన్న జిల్లాలలో బళ్లారి యొకటి. 1871లో రాయచూరు దగ్గర మదరాసు రైలుమార్గమును, బొంబాయి మార్గమును కలిసియుండుటచే ధాన్యము రాగలిగెను గాని, రైలు దింపిన ధాన్యము కొనుటకు కూలివాని చేతిలో కాసు లేకపోయెను. కరవు పనులలో కూలిని దినమునకు ఒక పౌను ధాన్యము విలువకు కుదించవలెనని ప్రభుత్వ ప్రతినిధియైన రిచర్డ్ టెంపుల్ పట్టుపట్టిన ఉదంతము మన చరిత్రలో చెరగని మచ్చ. పల్లెలు విడచి పట్టణములకు చేరిన వేలకొలది జనులకు ఆశ్రయమును, పారిశుద్ధ్యమును, చివరకు శవములకు సంస్కారమును కల్పించు భారము పట్టణములపైనే పడెను. పుట్టి ఇంచుమించు దశాబ్దమే యైన పురపాలక సంఘములకు ఇంతటి పరీక్ష తగదు. బళ్లారి పౌరజీవనము పెద్దయైనది ఆ కరవులోనే యని నేను నమ్ముచున్నాను. ఆ తరమునుండి వచ్చిన వర్తకుడు ఏ. సభాపతి మొదలియారు 1885లో బొంబాయిలో జరిగిన మొదటి కాంగ్రెసు మహాసభకు బళ్లారి ప్రతినిధిగా పోయెను. తమిళనామధేయుడైన వర్తకుడొకడు తెలుగు కన్నడముల పట్టణమునకు ప్రతినిధియగుట అప్పటి బళ్లారికి వింత కాదు.

1901 జనాభా లెక్కలలో బళ్లారి పట్టణమున 58,247 మంది నివసించుచుండిరి. ప్రత్తి వ్యాపారము, ఆవిరిశక్తితో నడచు ప్రత్తి ప్రెస్సులు, ఒక నూలుమిల్లు, దండు, కచ్చేరీలు – పట్టణపు బ్రదుకుతెరువు వీనిమీదనే. ఆ యేడే దక్షిణాఫ్రికానుండి పట్టి తెచ్చిన బోయరు ఖైదీలను కొందరిని ఇచట నిర్బంధించిరి. పౌరుల సభాజీవనమంతయు మాత్రము వకీళ్ల చేతిలో నుండెను. 1886లో సరసవినోదినీ సభను స్థాపించిన ధర్మవరము రామకృష్ణమాచార్యులు, దానికి పోటీగా సుమనోరమ సభను నిలిపిన కోలాచలము శ్రీనివాసరావు, వారి వెనుక వచ్చి తెలుగు రంగస్థలమును ప్రపంచమునకు చూపిన బళ్లారి రాఘవ – ముగ్గురును న్యాయవాదులే. తెలుగు నాటకపితామహుడును, తెలుగు మహానటుడును వెలసిన ఊరు నేడు కన్నడనాట ఉన్నదని మనవారు చింతించుట విందును. ఆ నాటకములను చూచిన ప్రేక్షకులలో కన్నడమే ఇంటిభాషగాగలవారు ఎందరో యుండిరి. రాఘవ స్వయముగా కన్నడ నాటకములు ఆడెను. ఆ సభాసదులే పగలు కోర్టులలో వాదించి, సాయంకాలము రంగమెక్కి, ఊరి వ్యవహారములు చర్చించిరి. అట్టివారికి ఏ భాష ఎక్కువయను ప్రశ్న ఇంకను ముఖ్యము కాలేదు.

ముఖ్యమైనది తరువాత. 1920 చట్టము సభ్యులలో అత్యధికులను ఎన్నికకు వదలి, అధ్యక్షుని సభ్యులే ఎన్నుకొను హక్కును స్థిరపరచెను. పురపాలక సంఘములు నిజమైన రాజకీయరంగములైనది అప్పటినుండియే. అదే దశాబ్దమున కాంగ్రెసు తన రాష్ట్రసంఘములను భాషలనుబట్టి విభజించుటచే బళ్లారి జిల్లా ఆంధ్ర కాంగ్రెసుదా, కర్ణాటక కాంగ్రెసుదా యను వివాదము పుట్టి, ఎన్. సి. కేల్కరు తీర్పు వరకు పోయెను. ముప్పదియేండ్లు లోలోపల రగిలిన ఆ వివాదము 1952 డిసెంబరులో పొట్టి శ్రీరాములుగారి ప్రాణత్యాగము తరువాత బయటపడెను. ఆంధ్ర రాష్ట్ర నిర్మాణమునుగూర్చి జస్టిస్ వాంఛూ నివేదికయు, 1953 మార్చిలో ప్రధాని నెహ్రూ ప్రకటనయు వచ్చెను. మిగిలిన తాలూకాల సంగతి తేలినను బళ్లారి తాలూకా ఒక్కటి తేలలేదు. హైదరాబాదు హైకోర్టు న్యాయమూర్తి ఎల్. ఎస్. మిశ్రాను ఏకసభ్య సంఘముగా నియమించిరి. ఆయన తాలూకాను మైసూరునకు చేర్చవలెనని సూచించెను. అంతటితోనైనను ముగిసెనా? 1955లో రాష్ట్రముల పునర్విభజన సంఘము, తుంగభద్ర ప్రణాళికను దృష్టిలో నుంచుకొని, బళ్లారి, హొసపేట, సిరుగుప్ప తాలూకాలను ఆంధ్రకు తిప్పవలెనని సిఫారసు చేసెను. ఆ సిఫారసును భారత ప్రభుత్వము అంగీకరింపలేదు. మూడేండ్లలో మూడు తీర్పులు! ఇన్ని విచారణలలోను ఊరివారిని ఓటుపెట్టి అడిగినవారు లేరు. ఎవరి ఓట్లతో ఇంటి పన్ను నిర్ణయింపబడుచుండెనో, వారి ఓట్లు ఊరి రాష్ట్రమును నిర్ణయించుటకు పనికిరాకపోవుట నాకు నేటికిని బాధ కలిగించును. ఏ పక్షము గెలిచియుండెడిదను ప్రశ్న వేరు, అడుగకుండుట వేరు.

ఇక మొదట చెప్పిన చట్టము మాటకు వత్తము. మదరాసు చట్టమును ఉన్నదున్నట్లు కొనసాగనిచ్చుటలో మైసూరు ప్రభుత్వము బుద్ధిమంతమైన పని చేసినదని నా తలంపు. 1956 నవంబరు తరువాత ఆ రాష్ట్రమున బొంబాయి చట్టముల పట్టణములు, హైదరాబాదు చట్టపు పట్టణములు, కొడగు చట్టపు పట్టణములు, పాత మైసూరు పట్టణములు, మదరాసు చట్టపు బళ్లారి, మంగుళూరు – ఇన్నియు ఒక్క గొడుగు క్రిందికి వచ్చెను. వీని నన్నిటిని ఏకము చేసినది 1964 నాటి పురసభల చట్టము. అది పాత చట్టములను రద్దుచేయుచు, బళ్లారి జిల్లాలో అమలులోనున్న 1920 మదరాసు చట్టమును కూడ రద్దుచేసెను. అప్పుడే బళ్లారి పురపాలనము నిజముగా మదరాసును విడచినది.

ఈ మార్పులో అందరును గమనింపని విషయ మొకటి గలదు; అది పన్నులది. మదరాసు పద్ధతిలో పురపాలక సంఘములకు ఇంటి పన్ను, వృత్తి పన్ను, నీటి పన్ను, బండ్ల పన్ను ముఖ్యములు. ఊరి వాకిట బండ్లపై వసూలుచేయు సుంకపు గేట్ల ఆదాయము ఒకప్పుడు పెద్దది. 1931లో మోటారు బండ్లపై రాష్ట్రపు పన్ను వచ్చినప్పుడు ఆ గేట్లు ఎత్తివేసి, వానికి బదులు పరిహారము ఇయ్యసాగిరి. మైసూరు పద్ధతిలోనో, ఊరిలోనికి వచ్చు సరకుపైననే పన్ను వేయు ఆక్ట్రాయి ప్రధానాదాయము. ప్రత్తియు, ధాన్యమును వచ్చిపోవు బళ్లారి వంటి వ్యాపారపట్టణమునకు ఈ పద్ధతి లాభకరమే. ఆ లాభమును అనుభవించుట కొద్దికాలమే యయ్యెను. 1979లో కర్ణాటక ప్రభుత్వము ఆక్ట్రాయిని రద్దుచేసి, దాని స్థానమున పరిహారపు పైకమును పంపుటకు ఏర్పాటు చేసెను. అనగా యాబది సంవత్సరముల లోపల, రెండు వేర్వేరు రాష్ట్రములలో, రెండు వేర్వేరు పద్ధతుల క్రింద, ఊరి వాకిట పుట్టిన సొంత ఆదాయము రెండుమారులు రాజధాని ఖజానాలోనుండి వచ్చు దయాధనముగా మారెను. పురపాలక సంఘముల స్వాతంత్ర్యమును గూర్చి ఉపన్యసించువారు ఎన్నికల సంగతి చెప్పుదురే గాని, ఈ గేటు సంగతి చెప్పరు. చేతిలో డబ్బు లేని సభకు ఎన్నిక ఎంత నిర్దుష్టముగా జరిగినను, దాని తీర్మానములు రాజధానిలో దస్త్రములుగా నిలిచిపోవును.

1993లో అమలులోనికి వచ్చిన డెబ్బదినాలుగవ రాజ్యాంగ సవరణము ఐదేండ్లకొకమారు ఎన్నిక తప్పనిసరి చేసి, స్త్రీలకు స్థానములు కేటాయించి, పురపాలక సంఘముల బలహీనతను కొంత సవరింపజూచెను. 2004లో బళ్లారి నగరసభ కార్పొరేషను స్థాయికి ఎదిగి, 1976 నాటి కర్ణాటక నగరపాలక సంస్థల చట్టము క్రిందికి వచ్చెను. ఆ చట్టము ప్రకారము మేయరును, ఉపమేయరును సభ్యులు తమలో ఎన్నుకొందురు; వారి పదవీకాలము ఒక సంవత్సరము. పన్నులు, ఆర్థికము; ప్రజారోగ్యము, విద్య; నగరనిర్మాణము; లెక్కలు – ఈ విషయములకు స్థాయీ సంఘములు గలవు. కార్యనిర్వహణాధికారము మాత్రము రాష్ట్రప్రభుత్వము నియమించు కమిషనరుది. ఏడాదికొక మేయరు మారుచుండగా కమిషనరు దస్త్రము చేత పట్టుకొని నిలిచియుండుట, 1865 నాటి కలెక్టరు పెత్తనమునకు వేషము మార్చిన రూపమేమో యను సందేహము నాకు వదలదు. 2021 ఏప్రిలులో ముప్పదితొమ్మిది వార్డులకు ఎన్నికలు జరిగి కాంగ్రెసు పక్షమునకు ఇరువదియొకటి లభించినను, ఆ సభకు మేయరు ఎన్నిక జరిగినది మరుసటి యేడు మాత్రమే. 2023లో ఇరువదిమూడేండ్ల డి. త్రివేణి మేయరయ్యెను, ఆ రాష్ట్రమున అంత చిన్న వయస్సులో ఆ పీఠమెక్కినవారు లేరని అప్పుడు చెప్పుకొనిరి. ఆమెకును దక్కినది ఆ ఒక్క యేడే.

చివరకు నీటి సంగతి చెప్పక ఈ ప్రకరణము ముగియదు, ఏలయనగా ఈ ఊరి పాలనకు నీరే ప్రాణము. నల్లరాతి గుట్టల నడుమ, తక్కువ వానల సీమలో, చెరువులమీదను బావులమీదను బ్రదికిన పట్టణమిది. 1945 ఫిబ్రవరిలో శంకుస్థాపనము జరిగి, 1953 జులై 1న నీరు విడువబడిన తుంగభద్ర ఆనకట్ట బళ్లారి దప్పికకు మందయ్యెను. ఆ తేదీకిని పట్టణము రాష్ట్రము మారిన తేదీకిని నడుమ మూడు నెలలే. ఆ నది మీద ఉభయరాష్ట్రములకు హక్కు గలదని, ఆంధ్రరాష్ట్ర చట్టములోనే అందుకు ఏర్పాటు చేసి, రాష్ట్రపతి తుంగభద్ర బోర్డును స్థాపించెను. కుడిగట్టు ఎగువ కాలువ కర్ణాటకలోని పొలములను తడుపుచు సాగి, సరిహద్దు దాటి అనంతపురము సీమకు పోవును. ఆ దారిలోనే అల్లీపురము చెరువు నిండును, ఆ చెరువునుండియే నగరమునకు కొళాయిల నీరు వచ్చును. మోకా చెరువు దానికి తోడు. కాలువలకు నీరు కట్టివేయు నెలలలో ఈ చెరువుల నిల్వయే నగరమునకు దిక్కు. కనుక ఏ పేటకు ఎన్ని దినముల కొకమారు నీరు వదలవలెనని బళ్లారి కార్పొరేషను వేసికొను వేసవి లెక్క హొసపేటలోని బోర్డు కార్యాలయమున నిర్ణయమగు కాలువ తేదీలను బట్టి కుదురును; ఆ బోర్డులో కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ ప్రతినిధులు ఉభయులును కూర్చుందురు.